రస్కిన్ ఇంటికి పోయే ముందు ఒక పూట పల్లిపాడు వెళ్ళిరండి

అమ్మా, మీరడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్పుకుంటాను, చదివే మిగతావాళ్ళకి కూడా తెలుస్తుంది. మీది కావలి. మీ అబ్బాయి మాంచెస్టర్‌లో ఉన్నాడు. జూన్‌లో మీరిద్దరూ అక్కడికి వెళ్తున్నారు. కోనిస్టన్ అనే సరస్సు ఒడ్డున జాన్ రస్కిన్ అనే రచయిత ఇల్లు మ్యూజియంగా పెట్టారని, తీసుకుపోతానని మీ కోడలు అంటోంది. ఆయనెవరో మీకు తెలీదు, ఆయన రాసింది ఒక్క అక్షరం చదవలేదు, పైగా మీవారికి మోకాళ్ళ నొప్పులు. "ఎవరో దొరగారి మంచం, కుర్చీ చూడ్డానికి అంత దూరం పోవాలా? విండర్మియర్ సరస్సులో పడవెక్కి వచ్చేస్తే చాలదా?" అని మీ సందేహం.

నేను నెల్లూరులో ఇంగ్లిష్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మా అమ్మాయి కాపురం లాంకాస్టర్‌లో. అక్కణ్ణుంచి ఆ ఇల్లు కారులో గంట దూరమే కాబట్టి మా ఆవిడతోనూ, మనవలతోనూ, ఊరి నుంచి వచ్చిన చుట్టాలతోనూ పోయి వస్తుంటాను. వచ్చినవాళ్ళలో సగం మంది మీరన్న మాటే అన్నారు. కొందరు ఇల్లు చూసి బయటికొచ్చాక కూడా అదే మాట అన్నారు. వాళ్ళని తప్పుపట్టను. ఆయన ఎవరో, మనకేమవుతాడో తెలియకపోతే అది ఒక పాత బంగళా, అంతే.

నా సలహా ఏంటంటే, తప్పకుండా వెళ్ళండి. కాకపోతే విమానం ఎక్కేలోపల ఒక పూట తీరిక చేసుకుని పల్లిపాడు వెళ్ళిరండి. కావలి నుంచి నెల్లూరు ఎట్లాగూ వస్తూపోతూ ఉంటారు. నెల్లూరు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు, ఇందుకూరుపేట మండలం, పెన్న ఒడ్డు. రస్కిన్ ఇంటికి మన జిల్లా నుంచి దారి అక్కడ మొదలవుతుంది.

పల్లిపాడులో ఉన్నది పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం. 1921 ఏప్రిల్ 7న గాంధీగారు స్వయంగా వచ్చి ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావుగారు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్యగారు దాన్ని నిలబెట్టినవాళ్ళు. స్థలం సమకూర్చింది పొట్లపూడి పొణకా కనకమ్మగారు, తర్వాత నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టిన తల్లి. ఇక భవనం కట్టడానికి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, దక్షిణాఫ్రికాలో డర్బన్ నుంచి. పార్సీ రుస్తుంజీ అనే వ్యాపారి 10,000 రూపాయలు ఇచ్చాడు. ఆ రోజుల్లో పదివేలంటే ఆలోచించండి.

ఈ రుస్తుంజీని కొంచెం గుర్తుపెట్టుకోండి. 1897లో డర్బన్‌లో తెల్లవాళ్ళ గుంపు గాంధీగారి మీద పడి కొట్టినప్పుడు ఆయన తలదాచుకున్నది ఈయన ఇంట్లోనే. ఆ తర్వాత 1904లో గాంధీగారు జొహాన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్‌కి రైల్లో బయల్దేరారు. ఇరవై నాలుగ్గంటల ప్రయాణం. స్టేషన్‌కి సాగనంపడానికి వచ్చిన పోలాక్ అనే మిత్రుడు, దారిలో చదువుకోమని ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టాడు. అదే రస్కిన్ రాసిన 'అన్‌టు దిస్ లాస్ట్'. మొదలుపెట్టాక కింద పెట్టలేకపోయానని, ఆ రాత్రి నిద్రే పట్టలేదని, ఆ పుస్తకంలో ఉన్నట్టు బతుకు మార్చుకోవాలని అప్పుడే నిశ్చయించుకున్నానని గాంధీగారు ఆత్మకథలో రాసుకున్నారు. చదివి ఊరుకోలేదు. డర్బన్ దగ్గర ఫీనిక్స్‌లో భూమి కొని, పత్రిక ప్రెస్సును అక్కడికే మార్చి, అందరూ ఒళ్ళొంచి పనిచేసి ఒకే జీతం తీసుకునేట్టు ఏర్పాటు చేశారు. అక్కడ షెడ్డు వేసుకోవడానికి తన గోడౌన్ తాలూకు పాత రేకులు ఇచ్చినవాడు కూడా ఈ రుస్తుంజీయే. ఫీనిక్స్ షెడ్డుకి రేకులిచ్చిన చెయ్యే పదిహేడేళ్ళ తర్వాత మన పెన్న ఒడ్డున ఆశ్రమానికి గోడలు కట్టించిందన్న మాట. 1908లో గాంధీగారు ఆ పుస్తకాన్ని గుజరాతీలో క్లుప్తంగా రాసి 'సర్వోదయ' అని పేరు పెట్టారు. ఆ మాట మన ఊళ్ళలో ఖాదీ బండారాల మీద, కాలేజీల మీద మీరు చూసిందే.

ఇంతకీ ఆ పుస్తకంలో ఏముంది? రొమాన్సు లేదు, ప్రకృతి వర్ణన లేదు. కూలి గురించి రాశాడు. బైబిల్లో ఒక కథ ఉంది. ద్రాక్షతోట యజమాని తెల్లవారుజామున కొందరిని, మధ్యాహ్నం కొందరిని, పొద్దుగూకే ముందు మరికొందరిని పనికి పెట్టుకుంటాడు. సాయంత్రం అందరికీ ఒకే కూలి ఇస్తాడు. పొద్దున వచ్చినవాళ్ళు గొడవ పెట్టుకుంటారు. పుస్తకం పేరు ఆ కథలోదే. ఈ కథ ఒకసారి ఇందుకూరుపేట రైతు ఒకాయనకి చెప్తే, "అదేంది సార్, పొద్దుట్నుంచీ నడుం వంచి నాటినోళ్ళకీ, ఎండ తగ్గినాక వచ్చినోళ్ళకీ ఒకటే కూలంటే రేపు ఏడింటికి కయ్యలోకి ఎవురు దిగతారు?" అన్నాడు. రస్కిన్ కాలంలో లండన్ పెద్దమనుషులు అడిగిందీ దాదాపు ఇదే. 1860లో ఇవి నాలుగు వ్యాసాలుగా ఒక పత్రికలో వస్తుంటే పాఠకులు దుమ్మెత్తిపోశారు. నాలుగోదాంతో సంపాదకుడు ఆపించేశాడు. పుస్తకంగా 1862లో వచ్చింది. ఎవడు తక్కువకి వస్తే వాణ్ణి పెట్టుకుందామని మనుషుల్ని పోటీకి దించడం న్యాయం కాదు, పనికి ఒక ధర ఉండాలి, డాక్టరుకీ సిపాయికీ బేరం ఆడమే, కూలివాడి దగ్గరే ఎందుకు ఆడతాం అన్నది ఆయన వాదన. మా రైతు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా మీరు వెళ్ళి చూడదగ్గ మనిషే.

ఇక ఇంటి సంగతి. దాని పేరు బ్రాంట్‌వుడ్. కోనిస్టన్ సరస్సు తూర్పు ఒడ్డున, చెట్లతో నిండిన కొండవాలు మీద ఉంటుంది. 1871లో రస్కిన్ దాన్ని కంటితో చూడకుండానే 1,500 పౌండ్లకి కొన్నాడు. అప్పటికే పేరు మోసిన కళావిమర్శకుడు, ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరు. ఇంటి పరిస్థితి అంత బాగాలేదు, కట్టుబడికీ మరమ్మతులకీ బాగానే ఖర్చుపెట్టాడు. 1900లో పోయేదాకా అదే ఆయన ఇల్లు.

లోపలికి పోగానే కింద హాలు, చదువుకునే గది, భోజనాల గది వస్తాయి. గోడలకి అంటించే కాగితం మీద పూల డిజైన్ కూడా ఆయనదే. భోజనాల గదిలో సరస్సు వైపు ఏడు సన్నటి కోలకిటికీలు వరసగా ఉంటాయి. భవన నిర్మాణానికి ఏడు దీపాలని ఆయన కుర్రవయసులో రాసిన పుస్తకానికి గుర్తుగా అట్లా పెట్టించాడంటారు. రాళ్ళ పిచ్చి కూడా ఉండేది. ఖనిజాలు పోగుచేసి, పేర్లు రాసి, బళ్ళకి పంచిపెట్టేవాడు. సైదాపురం వైపు అభ్రకం పెచ్చులు కాళ్ళకింద తొక్కుతూ తిరిగిన మనకి ఆ బీరువాల ముందు నవ్వొస్తుంది. కానీ ఒక్క రాయి ముందైనా కాసేపు నిలబడండి.

మీకు టైము తక్కువుంటే మిగతా గదులు చకచకా చూసేసి మేడ మీద పడకగదికి పోండి. గది మూల నుంచి బయటికి పొడుచుకొచ్చినట్టు చిన్న గూడు లాంటి బురుజు కట్టించాడు. ఇద్దరు నిలబడితే మూడోవాడు బయట ఆగాల్సిందే. చుట్టూ కిటికీలే. ఎదురుగా సరస్సు, దానికవతల ఓల్డ్ మాన్ అనే కొండ. ఎత్తు 800 మీటర్ల పైచిలుకు, మన ఉదయగిరి దుర్గం అంతకంటే ఎత్తే. అయితే ఇది నీళ్ళ పక్కనుంచి లేచినట్టు ఉంటుంది కాబట్టి పెద్దగా కనబడుతుంది. మీరు అక్కడ పదినిమిషాలు కదలకుండా నిలబడితే కొండ తల మబ్బులోకి పోయి మళ్ళీ బయటికి వస్తుంది, నీళ్ళు నల్లబడి, వెండిలా మెరిసి, మళ్ళీ నల్లబడతాయి. రస్కిన్ రోజూ పొద్దున్నే ఆకాశం చూసి మబ్బుల సంగతి డైరీలో రాసుకునేవాడు. 1884లో లండన్‌లో ఒక ఉపన్యాసం ఇచ్చి, ఈ మబ్బు మునుపటి మబ్బు కాదు, ఫ్యాక్టరీ పొగగొట్టాల పొగ కలిసిందన్నాడు. ముసలాయనకి మతి చెడిందన్నారు జనం. నేలటూరు థర్మల్ పొగగొట్టాలు చూస్తూ తిరిగేవాళ్ళం, మనం అట్లా అనలేం.

మతి మాట ఎత్తాను కాబట్టి చెప్తున్నా. 1878లో ఆ పడకగదిలోనే ఆయనకి మొదటిసారి మానసికంగా పెద్ద దెబ్బ తగిలింది. కోలుకున్నాక మళ్ళీ ఆ గదిలో పడుకోలేదు. పక్కనున్న చిన్న గదికి మారాడు. 1900 జనవరి 20న ఫ్లూ జ్వరంతో పోయింది కూడా ఆ చిన్న గదిలోనే. ఆఖరి పదేళ్ళు దాదాపు ఏమీ రాయలేదు. బంధువుల అమ్మాయి జోన్, ఆమె భర్త సెవర్న్ దగ్గరుండి చూసుకున్నారు. పడకగది గోడలకి టర్నర్ అనే చిత్రకారుడి బొమ్మలు ఉంటాయి, గైడు చెప్పకపోయినా తెలుసుకోండి, ఇప్పుడున్నవి నకళ్ళు. ఏడాదికి 30 రోజులు జనానికి ఇల్లు చూపించాలని ఆయన షరతు పెట్టి పోయినా ఆ ఇంటివాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. అసలు బొమ్మలు, సామాన్లు చాలావరకు అమ్ముడైపోయాయి. 1932లో వైట్‌హౌస్ అనే ఒక వీరాభిమాని ఇల్లు కొని, చెదిరిన సామాన్లు దొరికినంత తిరిగి పోగేసి, 1934లో జనానికి తెరిచాడు. మన ఊళ్ళలో రచయితల ఇళ్ళు ఎట్లా పోతున్నాయో తెలిసినవాళ్ళకి ఈ భాగం బాగా ఎక్కుతుంది. అట్లాంటి ఒక్క మనిషి దొరక్కపోతే ఆ ఇల్లు ఈపాటికి హోటలై ఉండేది.

ఆయన్ని నెత్తిన పెట్టుకోమని చెప్పడం లేదు. తండ్రి వైన్ వ్యాపారంలో సంపాదించింది కూర్చుని తినగలిగిన బిడ్డ. ఒళ్ళొంచి పనిచేయమని రాసిన మనిషి ఇంట్లో పనివాళ్ళు బోలెడుమంది. వచ్చిన ఆస్తిలో చాలాభాగం దానధర్మాలకే పోయిందన్నది నిజమే అనుకోండి. ఇంకోటి మనం మరచిపోకూడనిది. 1857 తిరుగుబాటు తర్వాత, 1858 జనవరిలో లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో మన నేతపనిని, నగిషీని మెచ్చుకుంటూనే మన జనాన్ని క్రూరులని తిట్టిపోశాడు. అట్లాంటివాడి పుస్తకం ఒకటి గాంధీగారి చేతికి పోయి, అక్కణ్ణుంచి పల్లిపాడు దాకా రావడం నాకు ఎప్పటికీ వింతే. గాంధీగారు అవసరమైంది తీసుకున్నారు, తక్కింది వదిలేశారు. మనమూ అంతే.

బయట తోట ఉంది. ఇంటి మీద కన్నా ఆయన దాని మీదే ఎక్కువ కష్టపడ్డాడు. సరస్సు ఒడ్డున పడవలు ఆపుకునే చిన్న రేవు ఆయన, కుర్రస్నేహితులు కలిసి చేతులతో తవ్వి రాళ్ళు పేర్చుకున్నది. ఆయన పడవ జంపింగ్ జెన్నీ ఇప్పటికీ అక్కడే పెట్టారు. తోటలో వాగు పక్కన పలకరాళ్ళతో కట్టిన ఆసనం ఒకటుంది. మీరూ నాలాగా మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దినవాళ్ళే అయ్యుంటారు. ఈ రాయి దానికి దూరపు చుట్టమే, కాకపోతే ఆకుపచ్చ ఛాయ. అక్కడి ఇళ్ళకి గోడలు, పైకప్పులు, చేలకి ప్రహరీలు అన్నీ ఆ రాయే. ఆ ఆసనం మీద చెయ్యి పెట్టి చూడండి, ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది. జూన్‌ని వాళ్ళు ఎండాకాలమనే అంటారు.

ఇల్లు చూసి అట్నుంచి అటే వెళ్ళిపోకండి. కోనిస్టన్ ఊళ్ళోకి పోండి. చర్చి ఆవరణలో సమాధి ఉంది. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో చోటిస్తామన్నా, తనని ఈ ఊళ్ళోనే పూడ్చమని ఆయన కోరడంతో ఇక్కడే పెట్టారు. పైన ఎత్తైన శిలువ, అదే ఆకుపచ్చ పలకరాయి. ఆయన దగ్గర పనిచేసిన కాలింగ్‌వుడ్ గీసిన నమూనా. నాలుగు వైపులా చిన్నచిన్న బొమ్మలు చెక్కారు. తిరిగి చూస్తే ఒకవైపు కూలీలు యజమాని చేతి నుంచి నాణెం అందుకుంటున్న బొమ్మ కనబడుతుంది. మా రైతుకి నచ్చని కథే అది. నాచు పట్టి అరిగిపోయి ఉంటుంది కాబట్టి పక్క నుంచి వెలుతురు పడేటప్పుడు చూడాలి.

పక్కనే రస్కిన్ మ్యూజియం అని వేరే ఒకటుంది. 1901లో కాలింగ్‌వుడ్డే పెట్టాడు. ఇంటితో కలిపి పొరబడొద్దు, టికెట్టు వేరు. ఇద్దరిలో ఎవరికైనా చేనేత మీద ఇష్టముంటే నా ఓటు దీనికే. రస్కిన్ చెప్పిన మాటలు పట్టుకుని 1883లో ఆ కొండల్లోని ఎల్టర్‌వాటర్ అనే పల్లెలో ఫ్లెమింగ్ అనే లాయరు, మేరియన్ ట్వెల్వ్స్ అనే ఆవిడ కలిసి మూలపడిన రాట్నాల్ని బయటికి తీయించి, ఊరి ఆడవాళ్ళకి అవిసెనార వడకడం నేర్పించారు. మిల్లు బట్ట ప్రపంచమంతా అమ్ముతున్న లాంకషైర్‌కి ఆనుకునే ఇదంతా జరిగింది. ఆ బట్టకి చేసే అల్లికని ఇప్పటికీ రస్కిన్ లేసు అంటారు. పల్లిపాడు రాట్నానికి అది పెద్దమ్మ అని చెప్పను, గాంధీగారి దారి వేరు. కానీ ఒక్క సంగతి. రస్కిన్ పోయినప్పుడు శవపేటిక మీద కప్పిన గుడ్డ ఆ చేతివడుకు నారతో నేసిందే. దాని మీద అడవి గులాబీలు, 'అన్‌టు దిస్ లాస్ట్' అనే మాటలు దారంతో కుట్టారు. దక్షిణాఫ్రికాలో రైల్వే స్టేషన్లో పోలాక్ ఆ పుస్తకం గాంధీగారి చేతిలో పెట్టింది అటు తర్వాత నాలుగేళ్ళకి.

మీ అబ్బాయి ఉండేది మాంచెస్టర్ కాబట్టి ఇంకో మాట. 1931 సెప్టెంబరులో గాంధీగారు లాంకషైర్‌లోని డార్వెన్‌కి వచ్చారు. మన విదేశీ వస్త్ర బహిష్కరణ వల్ల పనులు పోయిన మిల్లు కార్మికులతో మాట్లాడ్డానికే వచ్చారు. వాళ్ళు కోపంగా కాక ప్రేమగానే చూసుకున్నారు. దారిలో ఒక గంట ఆగాలనిపిస్తే ఆగండి, అక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు.

ఇక ప్రయాణం. కారుంటే ఎం6 రోడ్డు మీద 36వ జంక్షన్ దాకా పోయి అక్కణ్ణుంచి ఆంబుల్‌సైడ్ మీదుగా పోవాలి. రెండు గంటలు, సెలవురోజైతే మూడు. కారు లేకపోతే విండర్మియర్ దాకా రైలు, అక్కడ 505 నంబరు బస్సు పట్టుకుంటే కోనిస్టన్‌లో దింపుతుంది. ఊరి రేవు నుంచి ఇంటికి లాంచీలున్నాయి. గొండోలా అనే ఆవిరి పడవ కూడా ఉంది, 1859 నాటిదాన్ని తిరిగి కట్టి 1980 నుంచి నడుపుతున్నారు. మీకు పడవ సరదా ఉంటే అది విండర్మియర్‌లో కన్నా ఇక్కడే తీర్చుకోండి. విండర్మియర్ పెద్దదే, కానీ వేసవి శని ఆదివారాల్లో రొట్టెల పండగకి స్వర్ణాల చెరువు దగ్గర ఉన్నట్టుంటారు జనం. ఇక్కడ ఆ తాకిడి లేదు. ఇల్లు తెరిచే వేళలు, పడవల వేళలు కాలాన్ని బట్టి మారుతుంటాయి, కోడల్ని ముందురోజు ఫోన్‌లో చూడమనండి.

మీవారి మోకాళ్ళ గురించి. పడవ దిగాక ఇంటిదాకా ఎక్కుడు దారి ఉంది, పెద్ద దూరం కాదు గానీ నిటారు. కాబట్టి ఆయన్ని కార్లోనే తీసుకుపోండి, పార్కింగ్ ఇంటి దగ్గరికే వస్తుంది. తూర్పు ఒడ్డు రోడ్డు బాగా సన్నం, ఎదురు బండి వస్తే ఒకరు వెనక్కి పోవాల్సిందే, అబ్బాయిని నిదానంగా నడపమనండి. కింది గదులు ఆయన హాయిగా చూడొచ్చు. బురుజు కోసం ఒక్కసారి మెట్లెక్కగలిగితే ఎక్కమనండి. కొండ తోటలు మాత్రం ఆయన పెట్టుకోవద్దు. మీరూ కోడలూ పోయి వచ్చేదాకా కాఫీ హోటల్ బయట బల్ల దగ్గర సరస్సు చూస్తూ కూర్చోవచ్చు. వాళ్ళ సూపులు, బ్రెడ్డు మీకు సహించకపోతే పులిహోర కట్టుకుపోండి, కానీ హోటల్ బల్లల మీద విప్పకండి, బాగుండదు. ఒడ్డున బెంచీలున్నాయి. గొడుగు కన్నా తలదాకా వచ్చే రెయిన్‌కోటు నయం, అక్కడి గాలి గొడుగుని తిరగేస్తుంది. జూన్‌లో రాత్రి పదిదాకా వెలుతురుంటుంది కాబట్టి తిరుగు ప్రయాణానికి తొందరేం లేదు. లాంచీలో పోతే మాత్రం దిగగానే ఆఖరి లాంచీ ఎన్నింటికో అక్కడున్న మనిషిని అడిగి, ఆ తర్వాతే పైకి ఎక్కండి.